ఫ్లైఓవర్ ఎక్కితే వ్యాగన్ఆర్ మిస్సింగ్ కొడుతోంది: ప్లగ్స్ మార్చాలా, కాయిల్సా?

#1 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · ఆదివారం ఉదయం 7:15

అందరికీ నమస్కారం. మా బండి 2016 వ్యాగన్ఆర్, పెట్రోల్, మూడు సిలిండర్ల 1.0 లీటరు ఇంజిన్. ఇప్పటికి 61,800 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది ఇందులోనే.

పది రోజులుగా ఒకటే ఇబ్బంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒకటి రెండు నిమిషాలు వణుకుతుంది, స్టీరింగ్ పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. తర్వాత సర్దుకుంటుంది. కానీ ఏసీ వేసుకుని నలుగురం కూర్చుని పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు గుంజుతోంది. మొన్న శుక్రవారం వానలో భరత్‌నగర్ బ్రిడ్జి మీద చెక్ ఇంజిన్ లైట్ కాసేపు మినుకుమినుకుమని ఆరిపోయింది.

ఇంటి దగ్గర ఒక గ్యారేజీలో చూపించాను. బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూసి మూడు స్పార్క్ ప్లగ్స్, వాటికి అధిక వోల్టేజి ఇచ్చే మూడు కాయిల్స్ మార్చాలని, ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ చేయాలని అన్నారు. పన్నెండు వేల పైనే అవుతుందట. ఏది పాడైందని అడిగితే, అన్నీ ఒకేసారి మార్చేస్తే టెన్షన్ ఉండదన్నారు. ప్లగ్స్ ఇంతకుముందు ఎప్పుడు మార్చారో నాన్నకి గుర్తులేదు. పాత బిల్లులన్నీ వెతికాను, ఎక్కడా లేదు.

వచ్చే శనివారం అందరం శ్రీశైలం వెళ్లాలి. నల్లమల ఘాట్‌లో బండి ఆగిపోతే అమ్మతో చాలా కష్టం. ప్లగ్స్ నేనే మార్చుకోవచ్చా? ఏవి కొనాలి? ఇరిడియం పెడితే మంచిదా?

#2 · హైటెక్ 1197 · ఆదివారం ఉదయం 8:02

కళ్లు మూసుకుని ఇరిడియం వేయించు బ్రో. నా స్విఫ్ట్‌కి పోయిన ఏడాది వేశాను. పికప్ మారిపోయింది, మైలేజీ కూడా లీటరుకి ఒక కిలోమీటరు పెరిగింది. బండి కంప్యూటర్‌లో లోపం కోడ్ చదివే స్కానర్ కావాలంటే నా దగ్గర చిన్న బ్లూటూత్‌ది ఉంది, మాదాపూర్ వస్తే తీసుకెళ్లొచ్చు. ఏ సిలిండర్ మిస్ అవుతుందో, అంటే ఎందులో పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదో, కోడ్‌లోనే తెలుస్తుంది. పీ0301 అంటే ఒకటోది, పీ0302 అంటే రెండోది, అలా. పీ0300 వస్తే ఇదీ అని ఒకదాన్ని పట్టుకోలేకపోయిందని అర్థం.

#3 · షెడ్డు మేస్త్రి · ఆదివారం ఉదయం 9:30

తమ్ముడూ, ప్లగ్‌ల సంగతి తర్వాత. లైట్ మినుకుమినుకుమంది అన్నావు చూడు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ లైట్ నిలకడగా వెలిగితే తీరిక చేసుకుని చూపించుకోమని. మినుకుమంటే మాత్రం వెంటనే కాలు తీసి, నెమ్మదిగా పక్కకి తీసుకుపొమ్మని. సిలిండర్లో అంటుకోని పెట్రోల్ అలాగే బయటికి పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది. లోపల తేనెపట్టులాగా సన్నటి గదులుంటాయి, ఆ వేడికి అవి కరిగి ముద్దయిపోతాయి. ప్లగ్‌లు వందల్లో పోయేవి, అది వేలకి వేలు. బాగుచేసేదాకా ఏసీ ఆపి, గేర్ తగ్గించి నడుపు.

మూసాపేటలో 31 ఏళ్లు షెడ్డు నడిపినవాణ్ణి. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ప్లగ్‌ల వైపే చూపిస్తున్నాయి. కానీ వానలో ఎక్కువైందన్నావు, అక్కడ నాకు కాయిల్ కింద ఉండే రబ్బరు బూట్ మీద కూడా అనుమానం ఉంది. మూడు కాయిల్స్ ఒకేరోజు చచ్చిపోవడం మాత్రం నా సర్వీసులో చూడలేదు. ముందు విప్పు, చూడు, తర్వాత కొను. ఆ బండిలో ప్లగ్‌లు మార్చడం నువ్వు చేయగలిగిన పనే.

#4 · తార్నాక ఫిజిక్స్ టీచర్ · ఆదివారం ఉదయం 10:48

ఫ్లైఓవర్ మీదే ఎందుకు గుంజుతుందో చెప్తాను. అది అర్థమైతే ఏ ప్లగ్ కొనాలన్నదీ తేలిపోతుంది.

ప్లగ్ కొస దగ్గర రెండు లోహపు ముక్కల మధ్య ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఖాళీ ఉంటుంది. దానినే గ్యాప్ అంటాం. స్పార్క్ ఆ ఖాళీని దూకాలి. ఎంత వోల్టేజి ఉంటే దూకుతుందనేది రెండింటి మీద ఆధారపడుతుంది: ఖాళీ ఎంత, అక్కడున్న వాయువు పీడనం ఎంత. పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లోనే ఈ సంబంధం చెప్పాడు. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, పీడనం పెరుగుతుంది, దూకడానికి వోల్టేజి కూడా ఎక్కువ కావాలి. ప్లగ్ పాతబడే కొద్దీ కొసలు అరిగి ఖాళీ పెరుగుతుంది. ఈ రెండూ కలిస్తే కాయిల్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగినట్టవుతుంది. అప్పుడు స్పార్క్ రాదు, లేదా పింగాణీ మీదుగా ఇంకో సులువైన దారి వెతుక్కుంటుంది. సమతల రోడ్డు మీద మామూలుగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడే గుంజడానికి కారణం ఇదే.

ఇక హీట్ రేంజ్. చాలామంది పట్టించుకోరు కానీ ప్లగ్ ఎంపికలో ముఖ్యమైనది ఇదే. ప్లగ్ కొస 450 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే దాని మీద పడ్డ మసి దానంతటదే కాలిపోతుంది. 850 దాటితే స్పార్క్ రాకముందే ఆ వేడికే పెట్రోల్ అంటుకుంటుంది, పిస్టన్‌కి ప్రమాదం. ఈ రెండు హద్దుల మధ్య ఉండేలా కంపెనీ మీ ఇంజిన్‌కి ఒక నంబరు నిర్ణయిస్తుంది. వేడిని త్వరగా హెడ్‌లోకి, అంటే ప్లగ్ బిగించే ఇంజిన్ పై భాగంలోకి, వదిలేది కోల్డ్ ప్లగ్, ఆపుకునేది హాట్ ప్లగ్.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఎన్‌జీకే, డెన్సోల్లో నంబరు పెరిగితే ప్లగ్ కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగితే హాట్. ఎన్‌జీకేలో 6 ఉన్నది డెన్సోలో 20కి సమానం. కాబట్టి ఒక కంపెనీ నంబరు చూసి ఇంకో కంపెనీది మనసులో లెక్కేసుకుని కొనకండి, వాళ్ల సొంత పట్టికలో మీ బండి పేరు కింద ఏముందో చూసి కొనండి.

#5 · హైటెక్ 1197 · ఆదివారం ఉదయం 11:20

థ్యాంక్స్ మేడమ్, హీట్ రేంజ్ సంగతి నాకు నిజంగా తెలియదు. మరి ఇరిడియం వద్దంటారా? నాకు తేడా స్పష్టంగా తెలిసింది.

#6 · తార్నాక ఫిజిక్స్ టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 12:05

వద్దనడం లేదు. మీకు తెలిసిన తేడా నిజమే, కాకపోతే అందులో ఎక్కువ భాగం కొత్త ప్లగ్‌ది. అరిగిన దాని స్థానంలో మామూలు నికెల్ ప్లగ్ కొత్తది పెట్టినా అదే పికప్ వచ్చేది.

నికెల్ ప్లగ్ మధ్య కొస దాదాపు 2.5 మిల్లీమీటర్ల మందం. ఇరిడియంది 0.4 నుంచి 0.6. సన్నటి కొస నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజికే దూకుతుంది. ఇరిడియం 2,400 డిగ్రీల పైన గానీ కరగని గట్టి లోహం, అందుకే అంత సన్నగా ఉన్నా త్వరగా అరగదు. నికెల్ 30,000, 40,000 కిలోమీటర్ల దాకా వస్తే, మంచి ఇరిడియం లక్ష దాకా వస్తుంది. అసలు లాభం ఈ ఆయుష్షే. మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది.

మీ మాన్యువల్ నికెల్ చెప్పి ఉంటే, అదే హీట్ రేంజ్, అదే పొడవు, అదే గ్యాప్ ఉన్న ఇరిడియం పెట్టుకోవచ్చు, నష్టం లేదు. మాన్యువల్ ఇరిడియమే చెప్పి ఉంటే మాత్రం డబ్బు కలిసొస్తుందని నికెల్‌కి దిగకండి. సర్వీసు గడువు దానికి తగ్గట్టే పెట్టి ఉంటారు, మధ్యలో అరిగిపోతే తెలియదు.

#7 · ఎయిర్‌పోర్ట్ సీఎన్‌జీ · ఆదివారం మధ్యాహ్నం 2:40

అన్నా, నాది సీఎన్‌జీ బండి, శంషాబాద్ ట్రిప్పులు కొడతాను. మా అనుభవం ఒకటి చెప్తా. గ్యాస్ మీద స్పార్క్‌కి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోల్ మీద సాఫీగా పోయే బండి గ్యాస్‌లోకి మార్చగానే మిస్సింగ్ మొదలైతే మేం ముందు ప్లగ్‌లే చూస్తాం. నూటికి తొంభైసార్లు అక్కడే దొరుకుతుంది. గ్యాస్ బండివాళ్లు మాన్యువల్లో సీఎన్‌జీకి వేరే ప్లగ్ నంబరు గానీ గడువు గానీ ఉందేమో తప్పక చూసుకోవాలి. నేను పెట్రోల్ బండి లెక్కన వదిలేసి ఒకసారి ఆరాంఘర్ దగ్గర ప్యాసింజర్‌తో ఆగిపోయాను. ఆయన ఫ్లైట్ అందుకున్నాడో లేదో ఇప్పటికీ మనసులో ఉంటుంది.

#8 · అల్వాల్ 800 · ఆదివారం సాయంత్రం 5:10

మా మారుతి 800కి నెలకోసారి ప్లగ్‌లు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేసి పెట్టేవాళ్లం. ఏళ్ల తరబడి నడిచింది. ఇప్పుడు అందరూ మార్చేయమంటారు. శుభ్రం చేసి చూడొచ్చు కదా?

#9 · షెడ్డు మేస్త్రి · ఆదివారం సాయంత్రం 6:00

అన్నా, కార్బురేటర్ బండ్లకి అది సరైన పనే, నేనూ వందల బండ్లకి చేశాను. స్పార్క్ ఎప్పుడూ పదునైన అంచు నుంచి దూకుతుంది. అరిగిన కొస గుండ్రంగా అవుతుంది. రుద్దితే అంచు వస్తుంది, కొన్నాళ్లు బాగుంటుంది. కానీ అరిగిన లోహం తిరిగి రాదు. పైగా ఇనప బ్రష్‌తో రుద్దితే తెల్ల పింగాణీ మీద లోహపు గీతలు పడతాయి, కరెంటు వాటి మీదుగా పారిపోతుంది. ఇరిడియం, ప్లాటినం కొసలైతే అసలు రుద్దకూడదు. ఆ సన్నటి ముక్క ఊడిపోతుంది. గ్యాప్ కోసం స్క్రూడ్రైవర్ పెట్టి వంచడం కూడా వద్దు.

#10 · రాణిగంజ్ కౌంటర్ · ఆదివారం రాత్రి 8:25

స్పేర్ పార్ట్స్ షాపులో పని చేస్తాను. కొనేవాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. ప్లగ్‌లలో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఇరిడియం అని ముద్ర వేసి, ధర సగం చెప్తే అక్కడే ఆగండి.

బాక్సు చూసి మోసపోవద్దు, బాక్సు ఎవరైనా అచ్చు వేస్తారు. ప్లగ్ చేతిలోకి తీసుకుని చూడండి. మర మొదట్లో ఉండే వాషర్‌ని వేళ్లతో తిప్పి లాగండి. అసలుదైతే తిరుగుతుంది కానీ మర దాటి బయటికి రాదు. నకిలీదైతే చాలాసార్లు ఊడి చేతిలో పడుతుంది. పింగాణీ మీద అక్షరాలు గోటితో గీకినా పోకూడదు. మధ్య కొసా, పైన వంగిన కొసా ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఎదురుగా పట్టుకుని చూడండి. మర మీద వేలు నడిపితే గరుకు తగలకూడదు. బిల్లు తీసుకోండి. ఇవన్నీ కౌంటర్ దగ్గరే చేయండి, నిజాయితీగా అమ్మేవాడు ఏమీ అనుకోడు.

నంబరులో ఆర్ అనే అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉందని. ఈ కాలం బండ్లన్నిటికీ అది ఉండాలి. లేకపోతే రేడియోలో గరగరతో పాటు కంప్యూటర్‌కి కూడా గందరగోళమే. చివర గీత తర్వాత 11 ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఉదాహరణకి ఎన్‌జీకే వాళ్ల బీకేఆర్6ఈ-11 తీసుకోండి. 14 మిల్లీమీటర్ల మర, 16 పానా, రెసిస్టర్, హీట్ రేంజ్ 6, మర పొడవు 19, గ్యాప్ 1.1. అన్నీ ఆ నంబర్లోనే ఉన్నాయి. వాట్సాప్‌లో ఫోటో పంపి ఇలాంటిదే ఇవ్వమనే బదులు నంబరు పంపండి. మర పొడవు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువైనా పిస్టన్‌కి తగిలే అవకాశం ఉంది.

#11 · ఉప్పల్ సిటీ · ఆదివారం రాత్రి 9:50

నాది పాత హోండా సిటీ, ఐ-డీఎస్ఐ ఇంజిన్‌ది. నాలుగు సిలిండర్లకి ఎనిమిది ప్లగ్‌లు, ఒక్కోదానికి రెండు. ముందు నాలుగు చేతికి అందుతాయి, వెనక నాలుగు చాలా లోపల. కొన్నేళ్ల కింద ఒక చోట మార్పించాను. వెనకవి సరిగ్గా కూర్చోబెట్టకుండా పానాతోనే తిప్పేశారు. ఒకటి అడ్డంగా ఎక్కి హెడ్‌లో మర చెడిపోయింది. నెల తర్వాత ఘట్‌కేసర్ దగ్గర టపటపమని శబ్దం మొదలైంది. ప్లగ్ వదులై పక్క నుంచి గాలి తన్నుతోంది. హెడ్ దింపి, కొత్త మర చుట్ట వేయించేసరికి వారం రోజులు, జీతంలో సగం పోయాయి.

అందుకే చెప్తున్నా తమ్ముడూ, ప్లగ్ ఏ కంపెనీది అన్నదానికంటే మొదటి నాలుగు చుట్లు ఎలా ఎక్కించావన్నది ముఖ్యం. హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఇనుము. రెండూ తగాదా పడితే నష్టపోయేది హెడ్డే.

#12 · బోయిన్‌పల్లి గ్యారేజ్ · సోమవారం ఉదయం 7:45

మరకి కాపర్ గ్రీజు రాస్తే ఆ సమస్యే రాదు. మేం అన్ని బండ్లకీ రాస్తాం.

#13 · తార్నాక ఫిజిక్స్ టీచర్ · సోమవారం ఉదయం 8:30

ఇక్కడ నేను ఒప్పుకోలేను. ఇప్పటి ప్లగ్‌ల మరకి పూత ఉంటుంది, పట్టేయకుండా ఉండడానికే అది. గ్రీజు రాయొద్దని ఎన్‌జీకే స్వయంగా చెప్తోంది. గ్రీజు ఉంటే మర జారుతుంది, ఎంత బిగుతో చూపే టార్క్ రెంచ్ 25 న్యూటన్ మీటర్లు చూపించినా నిజానికి అంతకంటే ఎక్కువ బిగిసిపోయి ఉంటుంది. ప్లగ్ మెడ సాగుతుంది, పింగాణీ పగలొచ్చు. పొడిగా పెట్టండి.

#14 · బోయిన్‌పల్లి గ్యారేజ్ · సోమవారం ఉదయం 9:05

పూత సంగతి కొత్త ప్లగ్‌లకి నిజమే మేడమ్. పూత లేని పాత నల్ల ప్లగ్‌ల నుంచి వచ్చిన అలవాటు మాది. ఇక నుంచి కొత్త వాటికి పొడిగానే పెడతాం.

#15 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · సోమవారం రాత్రి 10:15

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ ఆఫీసు నుంచి రాణిగంజ్ వెళ్లి మాన్యువల్లో ఉన్న నంబరువే మూడు నికెల్ ప్లగ్‌లు తెచ్చాను. వాషర్ లాగి చూశాను, రాలేదు. లోపల రబ్బరు పట్టు ఉన్న ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ కొన్నాను. సాకెట్‌ని షాపులోనే కొత్త ప్లగ్ మీద పెట్టి చూసుకున్నాను. ఆఫీసు స్నేహితుడి దగ్గర టార్క్ రెంచ్ దొరికింది. స్కానర్ కోసం రేపు మాదాపూర్ వస్తాను. మేస్త్రి గారూ, పని వరుసగా చెప్తారా? బుధవారం పొద్దున్నే మొదలుపెడతాను.

#16 · షెడ్డు మేస్త్రి · మంగళవారం ఉదయం 6:20

చెప్తా, తొందర లేకుండా చదువు.

రాత్రంతా బండి ఆగి ఉండాలి. వేడి ఇంజిన్‌లో ప్లగ్ విప్పితే అల్యూమినియం మర ప్లగ్‌తో పాటే ఊడి రావచ్చు. తాళం చెవి తీసి జేబులో పెట్టుకో. పైన నల్ల ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీసి గుడ్డ మీద పెట్టు, తెరిచిన నోటికి శుభ్రమైన బట్ట కప్పు. కాయిల్స్ మీద సుద్దతో 1, 2, 3 రాసుకో. కనెక్టర్ లాక్ నొక్కి లాగాలి. పదేళ్ల ప్లాస్టిక్ అది, బలవంతం చేస్తే విరుగుతుంది. 10 బోల్టు విప్పాక కాయిల్‌ని నేరుగా పీకొద్దు. ముందు అటూ ఇటూ కొంచెం తిప్పితే రబ్బరు పట్టు వదులుతుంది, అప్పుడు లాగు.

ఇప్పుడు ఆగు. టార్చ్ వేసి, కాయిల్ తీసిన చోట ప్లగ్ కూర్చుని ఉండే ఆ బావిలోకి చూడు. ఇసుక, దుమ్ము, నీళ్లు, ఆయిల్ ఏదున్నా ప్లగ్ విప్పగానే సిలిండర్లోకి పోతుంది. టైరుకి గాలి కొట్టే పంపు పైపు పెట్టి ఊది శుభ్రం చెయ్యి. కళ్లకి అద్దాలు పెట్టుకో. నీళ్లుంటే బట్ట చుట్టిన పుల్లతో పీల్చెయ్యి. ఆయిల్ ఉంటే పైన వాల్వ్ కవర్ సీలు పోయిందని, అది వేరే పని.

ఒక్కో ప్లగ్ విప్పుతూ మార్చుకుంటూ పో, మూడూ ఒకేసారి తెరవొద్దు. సగంలో గట్టిగా పట్టేస్తే వెనక్కి బిగించి, మళ్లీ విప్పు, అలా కొంచెం కొంచెంగా రానివ్వు. విప్పినవి గుడ్ల అట్టలో 1, 2, 3 వరుసలో పెట్టుకో. వాటి మొహాలు చూస్తేనే ఇంజిన్ ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమ రంగు బూడిద ఉంటే బాగుంది. పొడి నల్ల మసి అంటే పెట్రోల్ ఎక్కువ లేదా మరీ దగ్గర దగ్గర ప్రయాణాలు. నల్లగా తడిగా జిగటగా ఉంటే ఆయిల్ వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కి ఉంటే వేడెక్కుతోంది.

కొత్తది పెట్టేటప్పుడు రాచెట్ పక్కన పెట్టెయ్యి. సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే, వేళ్లతో. ముందు ఎడమవైపుకి అర చుట్టు వెనక్కి తిప్పు, మర అంచు దిగినట్టు చిన్నగా టక్‌మంటుంది. అప్పుడు కుడివైపు తిప్పు. నాలుగైదు చుట్లు వేళ్లతోనే తేలిగ్గా పోవాలి. ఒక్క చుట్టులో పట్టేసినా తీసి మళ్లీ మొదలుపెట్టు. అడుగు తగిలాక రెంచ్ పెట్టు. 14 మిల్లీమీటర్ల మరకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12కి 15 నుంచి 20, 10కి 10 నుంచి 12. నీ బండిది ఎంతో మాన్యువల్లో చూసుకో, అదే ఆఖరి మాట. రెంచ్ లేనివాళ్లు 14 మర కొత్త ప్లగ్‌ని వేళ్లతో బిగిశాక అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు తిప్పితే చాలు, వాషర్ నలుగుతున్న మెత్తదనం చేతికి తెలుస్తుంది. పాత ప్లగ్ తిరిగి పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి కొంచెం, పన్నెండో వంతు చాలు.

ప్లగ్ చేయి జారి నేల మీద పడితే అది వాడకు. పగులు కంటికి కనపడదు.

#17 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · బుధవారం ఉదయం 10:30

మూడూ మార్చాను. గంటన్నర పట్టింది. ఆఫీసుకి సెలవు పెట్టాను, తొందరపడకూడదని.

నిన్న స్కానర్‌లో పీ0303 వచ్చింది. ఒకటి, రెండు ప్లగ్‌లు లేత గోధుమ రంగులో ఉన్నాయి, కొస మాత్రం గుండ్రంగా అరిగి ఉంది. వైరు గేజ్‌తో కొలిస్తే మాన్యువల్లో రాసిన గ్యాప్ కంటే 0.3 మిల్లీమీటర్లు ఎక్కువ. మూడో బావిలో టార్చ్ వేయగానే అడుగున తుప్పు మరక కనిపించింది, గోడ తడిగా ఉంది. పోయిన నెల నాన్న వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ కూడా కడిగించారట. ఆ ప్లగ్ తెల్ల పింగాణీ మీద, పై నుంచి లోహపు భాగం దాకా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. తడి గుడ్డతో తుడిచినా పోలేదు. కాయిల్ రబ్బరు బూట్ లోపల టార్చ్ పెట్టి చూస్తే సరిగ్గా అదే చోట బూడిద రంగు గీత ఉంది. మిగతా రెండు ప్లగ్‌లకి ఆ గీత లేదు కానీ, పింగాణీ చుట్టూ లోహం దగ్గర గోధుమ రంగు వలయం ఉంది. అదేమిటి?

కొత్త ప్లగ్‌లతో ఐడిల్ చాలా నిశ్శబ్దంగా ఉంది. కానీ ఏసీ వేసి జేఎన్‌టీయూ వైపు కొంచెం ఎత్తు ఎక్కితే ఒకసారి గుంజింది.

#18 · తార్నాక ఫిజిక్స్ టీచర్ · బుధవారం ఉదయం 11:10

వలయం గురించి భయం లేదు. అధిక వోల్టేజి దగ్గర గాలిలో ఏర్పడే కరోనా డిశ్చార్జి వల్ల ఆయిల్ కణాలు అక్కడ అంటుకుని మరకలా ఏర్పడతాయి. ప్లగ్ లీకవుతోందని చాలామంది పొరబడతారు. నల్ల గీత మాత్రం అసలు దోషి. అది స్పార్క్ బయటి నుంచి నడిచిన దారి. బూట్‌లో కూడా గీత ఉంది కాబట్టి, కొత్త ప్లగ్‌ని పాత బూట్‌తో పెడితే కొన్నాళ్లకి దానికీ అదే గీత పడుతుంది.

#19 · షెడ్డు మేస్త్రి · బుధవారం ఉదయం 11:40

నిర్ధారించుకుని కొను తమ్ముడూ. మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టు. కోడ్ చెరిపి, బండి కొంచెం ఎత్తు మీద నడుపు. మిస్సింగ్ ఒకటికి మారితే ఆ కాయిల్‌దే తప్పు. మూడులోనే ఉండిపోతే ఇంజెక్టరో, వైరింగో చూడాలి. నీ బండికి బూట్ విడిగా దొరికితే అది చాలు.

#20 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · బుధవారం రాత్రి 9:20

మార్చి చూశాను. పీ0303 పోయి పీ0301 వచ్చింది. కాయిల్‌తో పాటే తప్పు కూడా నడిచింది!

బూట్ విడిగా రెండు షాపుల్లో అడిగాను, దొరకలేదు. ఒక్క కాయిల్ కొన్నాను. ఆ పాత కాయిల్ రెండు గంటలే ఉన్నా, ఒకటో ప్లగ్ తీసి పింగాణీ చూశాను, శుభ్రంగా ఉంది. పన్నెండో వంతు లెక్కతో తిరిగి బిగించాను. బూట్ల లోపలి అంచుకి కరెంటు పారనివ్వని సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. ఇప్పుడే అమ్మానాన్నలని కూర్చోబెట్టుకుని, ఏసీ వేసి, పంజాగుట్ట ఫ్లైఓవర్ మూడో గేర్లో ఎక్కించాను. ఎక్కడా గుంజలేదు. నాన్న వెనక్కి తిరిగి నా వైపు చూసి ఏమీ అనలేదు కానీ, దిగాక బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

#21 · హైటెక్ 1197 · బుధవారం రాత్రి 9:45

సూపర్ బ్రో! మా అపార్ట్‌మెంట్లో అందరూ 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వల్లే ప్లగ్‌లు పోతున్నాయంటున్నారు. అది కూడా కారణమా మేస్త్రి గారూ?

#22 · షెడ్డు మేస్త్రి · గురువారం ఉదయం 6:50

ఈ బండి విషయంలో కాదు. కాయిల్ మారిస్తే తప్పు దాంతో నడిచింది కదా. పెట్రోల్ తప్పయితే మూడు సిలిండర్లకీ ఉండాలి. ఇథనాల్‌కి పాత బండ్లలో చూడాల్సినవి రబ్బరు పైపులు, సీళ్లు. ఇంజిన్ కడిగించేవాళ్లు మాత్రం ప్రెజర్ గన్ కాయిల్స్ మీద పెట్టనివ్వొద్దు. బ్రష్, తడి గుడ్డ చాలు.

#23 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · సోమవారం ఉదయం 7:30

శనివారం పొద్దున్నే బయలుదేరి శ్రీశైలం వెళ్లి, నిన్న రాత్రి ఇంటికి చేరాం. మన్ననూరు గేటు దాటాక వాన మొదలైంది. దోమలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగి, మళ్లీ ఎక్కే ఘాట్ మొత్తం రెండో గేర్లో, మూడో గేర్లో ఏసీతోనే ఎక్కింది. లైట్ వెలగలేదు. అమ్మ దారంతా నిద్రపోయింది.

గ్యారేజీ చెప్పిన పన్నెండు వేలకి బదులు ప్లగ్‌లు, ఒక కాయిల్, సాకెట్, గ్రీజు అన్నీ కలిపి అందులో మూడో వంతు కూడా కాలేదు. బానెట్ లోపల ఒక స్టిక్కర్ మీద ప్లగ్ నంబరు, గ్యాప్, 61,950 కిలోమీటర్లు అని రాసి అంటించాను. ఇంకోసారి ఎవరు విప్పినా వెతుక్కోనక్కర్లేదు.

#24 · నిజాంపేట ఐ10 · సోమవారం ఉదయం 8:15

తమ్ముడూ, మాకూ అదే వణుకు. ఆ సాకెట్, ఎక్స్‌టెన్షన్ ఒక రోజుకి ఇస్తావా?

#25 · కూకట్‌పల్లి వ్యాగన్ఆర్ · సోమవారం ఉదయం 8:22

తప్పకుండా అన్నా. సాయంత్రం ఆరింటికి జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తాను. నాది 16 సాకెట్, మీ ప్లగ్‌కి సరిపోతుందో లేదో ముందు నంబరు చూసి చెప్పండి. 14 అయితే అది కూడా ఎవరి దగ్గరైనా అడిగి తెస్తాను.